హైట్ ముందా, పొజిషన్ ముందా? బాస్కెట్‌బాల్ జీఎంలో రేటింగ్స్ అసలు ఎలా పనిచేస్తాయి



బాస్కెట్‌బాల్ జీఎం మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ మొదటి వారంలోనే ఒక డౌట్ వస్తుంది. "అన్నా, నా టీమ్‌లో సెంటర్ లేడు. ఉన్న మంచి షూటర్‌ని ఇచ్చేసి ఏడడుగులోణ్ణి ఎవర్నైనా తెచ్చుకోనా?" అని. ఈ ప్రశ్నలో చిన్న తప్పు ఉంది. నేను కూడా అదే తప్పు మూడు సీజన్లు చేశాను. గేమ్‌లోనే కాదు, బయట కూడా ఒకసారి ఆ తప్పుకి బలయ్యాను. అది తర్వాత చెప్తాను. ముందు గేమ్ సంగతి చూద్దాం.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. బాస్కెట్‌బాల్ జీఎం బ్రౌజర్‌లో ఫ్రీగా ఆడే గేమ్. ఫోన్‌లో కూడా నడుస్తుంది. ఇందులో బంతి మన చేతిలో ఉండదు. మనం జనరల్ మేనేజర్. డ్రాఫ్ట్‌లో కుర్రాళ్లని ఎంచుకోవాలి, ట్రేడ్లు చెయ్యాలి, జీతాలు చూసుకోవాలి. మ్యాచ్‌ని కంప్యూటర్ ఆడిస్తుంది. అంటే మన చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, అంకెల్ని సరిగ్గా చదవడం. దీన్ని తయారుచేసిన జెరెమీ షెఫ్ సోర్స్ కోడ్‌ని గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టాడు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాణ్ణి కదా, చెయ్యి ఊరుకోదు. తెరిచి చదివాను. ఈ రోజు చెప్పేదంతా ఎక్కువగా అక్కడ అర్థమైందే.

15 అంకెలు, ఒక ఓవరాల్

ప్రతి ప్లేయర్‌కీ 15 రేటింగ్స్ ఉంటాయి. అన్నీ 0 నుంచి 100 వరకు. గుర్తుపెట్టుకోవడానికి ఐదేసి చొప్పున మూడు గుంపులుగా పెట్టుకోండి.

మొదటిది శరీరం: హైట్, బలం, స్పీడ్, జంప్, స్టామినా.
రెండోది షూటింగ్: రింగ్ దగ్గర నుంచి వేసే బుట్టలు, డంక్‌లు, ఫ్రీ త్రోలు, మధ్య దూరం షాట్లు, త్రీ పాయింటర్లు.
మూడోది ఆట తెలివి, చేతివాటం: అటాక్‌లో బుర్ర, డిఫెన్స్‌లో బుర్ర, డ్రిబ్లింగ్, పాసింగ్, రీబౌండింగ్.

ఈ 15 కలిపి ఓవరాల్ అనే ఒక్క అంకె వస్తుంది. సుమారుగా చెప్పాలంటే 75 దాటితే ఎంవీపీ రేసులో ఉన్నట్టు, 65 దాటితే లీగ్‌లో బెస్ట్ ప్లేయర్లలో ఒకడు, 55 దాటితే మొదటి ఐదుగురిలో ఆడదగ్గవాడు, 45 దాటితే బెంచ్ మీద నుంచి వచ్చి పని కానిచ్చేవాడు.

అన్ని రేటింగ్స్‌కీ ఈ లెక్కలో ఒకే బరువు ఉండదు. హైట్‌కీ, అటాక్‌లో బుర్రకీ బరువు ఎక్కువ. కాబట్టి "హైట్ ముఖ్యం కాదు, గుండె ధైర్యం ముఖ్యం" లాంటి వాట్సాప్ స్టేటస్ డైలాగులు ఈ ఎపిసోడ్‌లో చెప్పను. రింగు నేల నుంచి 10 అడుగుల ఎత్తులో ఉంటుంది. దానికి దగ్గరగా ఉన్నవాడికి లాభం ఉంటుంది. కోడ్ కూడా అదే ఒప్పుకుంటుంది.

హైట్ రేటింగ్ అంటే అడుగులు, అంగుళాలేనా?

దాదాపు అంతే, కానీ పూర్తిగా కాదు. గేమ్‌లో 5 అడుగుల 9 అంగుళాలు అంటే 0. 7 అడుగుల 5 అంగుళాలు అంటే 100. మధ్యలో 20 అంగుళాలు ఉన్నాయి కాబట్టి ఒక్కో అంగుళానికి 5 పాయింట్లు. 6 అడుగులవాడికి 15, 6 అడుగుల 6 అంగుళాలవాడికి 45, 7 అడుగుల 2 అంగుళాలవాడికి 85. నోటి లెక్కే.

మరి ఒకే ఎత్తు ఉన్న ఇద్దరికి హైట్ రేటింగ్ తేడాగా ఎందుకు కనిపిస్తుంది? ఎందుకంటే చేతుల పొడవు కూడా ఇందులోనే కలిసి ఉంటుంది. చేతులు రెండు వైపులా చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస వరకు ఉండే కొలతని వింగ్‌స్పాన్ అంటారు. అది కాస్త ఎక్కువ ఉన్నవాడికి రేటింగ్ కాస్త పెరుగుతుంది, తక్కువ ఉన్నవాడికి తగ్గుతుంది. బ్లాక్ చేసేది తలతో కాదు, చేత్తో కదా.

ఈ స్కేల్‌కి రెండు చివర్లు ఎలా ఉంటాయో ఒక నిజమైన టీమ్‌తో చెప్తాను. 1987-88 సీజన్‌లో వాషింగ్టన్ బుల్లెట్స్ టీమ్‌లో ఇద్దరు ప్లేయర్లు కలిసి ఆడారు. ఒకడు మగ్సీ బోగ్స్, 5 అడుగుల 3 అంగుళాలు. ఇంకొకడు మనూట్ బోల్, 7 అడుగుల 7 అంగుళాలు. ఈ గేమ్ స్కేల్ మీద పెడితే ఒకడు 0 దగ్గర, ఇంకొకడు 100 దగ్గర ఆగిపోతారు. ఎందుకంటే ఇద్దరూ స్కేల్ బయటే ఉన్నారు! ఆ 5 అడుగుల 3 అంగుళాల మనిషి ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. హైట్ 0 అయితే కెరీర్ 0 అని కాదు. మిగతా 14 అంకెలు ఆ లోటుని పూడ్చాలి, అంతే.

హైట్ గురించి ఇంకో ముఖ్యమైన సంగతి. మిగతా రేటింగ్స్ ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతాయి, తగ్గుతాయి. షూటింగ్, ఆట తెలివి చాలాకాలం మెరుగవుతూనే ఉంటాయి. స్పీడ్, జంప్ వయసుతో ముందుగా పడిపోతాయి. హైట్ మాత్రం దాదాపు కదలదు. 20 ఏళ్లలోపు కుర్రాళ్లలో ఎప్పుడో ఒకడికి ఒక పాయింట్ పెరిగితే పెరిగినట్టు. మిగతావాళ్లకి డ్రాఫ్ట్ రోజు ఎంతో, రిటైర్ అయ్యే రోజు కూడా అంతే.

పొజిషన్ అనేది ఇన్‌పుట్ కాదు, అవుట్‌పుట్

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. ప్లేయర్ పేరు పక్కన పీజీ, ఎస్‌జీ, జీఎఫ్, ఎస్‌ఎఫ్, పీఎఫ్, ఎఫ్‌సీ, సీ లాంటి అక్షరాలు కనిపిస్తాయి. అది చూసి మనం క్రికెట్ భాషలో ఆలోచిస్తాం. ఇతను వికెట్ కీపర్, ఇతను ఓపెనర్ అన్నట్టు. కీపర్ లేకుండా టీమ్ దిగదు కదా, మరి సెంటర్ లేకుండా ఎలా అని కంగారు.

కోడ్‌లో జరిగేది వేరు. ముందు రేటింగ్స్ పుడతాయి. తర్వాత ఒక చిన్న ఫంక్షన్ ఆ రేటింగ్స్‌ని చూస్తుంది. హైట్ ఎంత, స్పీడ్ ఎంత, డ్రిబ్లింగ్, పాసింగ్ ఎంత, బలం ఎంత అని. పొట్టిగా ఉండి పాసింగ్, డ్రిబ్లింగ్ బాగుంటే పీజీ అని రాస్తుంది. ఎత్తుగా, బలంగా ఉంటే సీ అని రాస్తుంది. మధ్యలో ఉంటే మధ్య అక్షరాలు. అంతే. దుకాణంలో డబ్బా మీద "కందిపప్పు" అని చీటీ అంటించినట్టు. లోపల పప్పు ఉంది కాబట్టి చీటీ అంటించారు. చీటీ మార్చి "జీడిపప్పు" అని రాస్తే లోపల ఉన్నది మారదు.

నమ్మకం లేకపోతే మీరే చేసి చూడండి. గేమ్‌లో గాడ్ మోడ్ అని ఒకటుంది. అది ఆన్ చేస్తే ప్లేయర్ రేటింగ్స్ మనమే మార్చొచ్చు. ఒక గార్డ్‌ని తీసుకోండి. పొజిషన్ ఒక్కటి సీ అని మార్చండి. ఓవరాల్ అంగుళం కూడా కదలదు. ఇప్పుడు పొజిషన్‌ని మళ్ళీ ఆటోలో పెట్టి, హైట్ ఒక్కటి మెల్లగా పెంచుకుంటూ పోండి. ఓవరాల్ పెరుగుతుంది, పొజిషన్ అక్షరం కూడా మారుతుంది. ఏది కారణం, ఏది ఫలితం అనేది ఈ రెండు నిమిషాల ప్రయోగంలో తేలిపోతుంది.

ఒక జాగ్రత్త. ఇది బాస్కెట్‌బాల్‌కే. ఇదే కంపెనీ ఫుట్‌బాల్ జీఎం, హాకీ గేమ్‌లలో ఓవరాల్‌ని పొజిషన్ బట్టే లెక్కేస్తారు. అక్కడ గోల్ కీపర్‌ని తీసుకెళ్లి సెంటర్‌లో పెడితే మటాష్.

మరి బాస్కెట్‌బాల్‌లో పొజిషన్‌కి అస్సలు విలువ లేదా? ఒకచోట ఉంది. మొదటి ఐదుగుర్ని ఆటోమేటిక్‌గా ఎంచేటప్పుడు, మధ్యలో ప్లేయర్లని మార్చేటప్పుడు, అందరూ గార్డులే లేదా అందరూ పొడుగువాళ్లే కాకుండా కాస్త బ్యాలెన్స్ ఉండేలా చూస్తుంది. అంతకుమించి, సీ అని రాసి ఉన్నందుకు ఎవడికీ ఒక్క రీబౌండ్ కూడా ఎక్కువ రాదు.

మరి హైట్ ఎక్కడ పనిచేస్తుంది?

మ్యాచ్ నడిచేటప్పుడు గేమ్ ఓవరాల్‌ని చూడదు. ఒక్కో పనికి కొన్ని రేటింగ్స్ కలిపి వేరే స్కోర్ చేసుకుంటుంది.

రీబౌండ్ తీసుకోవడానికి పెద్దపీట హైట్‌కీ, రీబౌండింగ్ రేటింగ్‌కీ. బ్లాక్ చెయ్యడానికి హైట్, జంప్, దాని తర్వాత డిఫెన్స్ బుర్ర. రింగ్ కింద డిఫెన్స్‌లో హైట్, డిఫెన్స్ బుర్ర. పోస్ట్‌లో వీపు ఆనించి బుట్ట వెయ్యడంలో కూడా హైట్ ముందు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. త్రీ పాయింటర్ వెయ్యడానికి త్రీ రేటింగ్, కొంచెం ఆట తెలివి. హైట్ లేదు. బంతిని తీసుకెళ్లడానికి డ్రిబ్లింగ్, స్పీడ్. హైట్ లేదు. పాసింగ్‌కి పాసింగ్, ఆట తెలివి, డ్రిబ్లింగ్. ఇక్కడా హైట్ లేదు. బంతి లాక్కోవడానికి డిఫెన్స్ బుర్ర, స్పీడ్.

అంటే హైట్ అనేది కొన్ని గదులకే తాళంచెవి. ఆ గదుల్లోకి అది లేకుండా వెళ్లడం కష్టం. మిగతా గదుల్లో దాని అవసరమే లేదు.

దీనిపైన సినర్జీ ఉంది. ప్లేయర్ పేరు పక్కన చిన్న అక్షరాలుగా నైపుణ్యాలు కనిపిస్తాయి. త్రీ షూటర్, బంతి నడిపేవాడు, పాసర్, రీబౌండర్, లోపలి డిఫెండర్, బయటి డిఫెండర్, ఇలా. కోర్టులో ఉన్న ఐదుగురిలో రకరకాల నైపుణ్యాలు కలిస్తే టీమ్ మొత్తానికి లాభం. ఐదుగురూ రీబౌండర్లే అయితే ఐదోవాడి వల్ల వచ్చేది తక్కువ. కాబట్టి "నాకు సెంటర్ లేడు" అని కాదు, "నా ఐదుగురిలో బంతి నడిపేవాడు ఉన్నాడా, లోపల కాసేవాడు ఉన్నాడా" అని అడగాలి. ఆ పని చేసేవాడి పేరు పక్కన ఏ పొజిషన్ ఉంటే మనకెందుకు?

నేను చేసిన తప్పు

నా మొదటి లీగ్‌లో డ్రాఫ్ట్ వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు. ఇద్దరికీ వయసు 19, ఓవరాల్ ఒకటే, పొటెన్షియల్ ఒకటే. ఒకడు 6 అడుగుల 1 అంగుళం, ఇంకొకడు 7 అడుగుల 2 అంగుళాలు. నేను ఒక్క సెకను కూడా ఆలోచించకుండా పొడుగోణ్ణి తీసుకున్నాను. ఓవరాల్ ఒకటే అయినప్పుడు పైన హైట్ బోనస్ కదా అనుకున్నాను.

మీకు తప్పు ఎక్కడుందో కనిపించిందా? ఓవరాల్‌లో హైట్ అప్పటికే కలిపి ఉంది! నేను దాన్ని రెండోసారి లెక్కేశాను. జీఎస్టీ కలిపిన ధర మీద మళ్ళీ జీఎస్టీ కట్టినట్టు. ఇద్దరి ఓవరాల్ ఒకటే, ఒకడికి హైట్ 85, ఇంకొకడికి 20 అంటే అర్థం ఏంటి? పొడుగోడి మిగతా రేటింగ్స్ ఆ మేరకు తక్కువ ఉన్నాయని. డ్రిబ్లింగ్ లేదు, స్పీడ్ లేదు, షాట్ లేదు. అవన్నీ నేను చూడలేదు.

ఒక్కసారి చేసుంటే సర్లే అనుకోవచ్చు. ఎందుకంటే గేమ్‌లో ప్లేయర్ ఎదగడంలో లక్ కూడా ఉంటుంది, ఆ పొడుగోడే స్టార్ అయ్యేవాడేమో. కానీ నేను మూడు డ్రాఫ్టులు వరసగా అదే చేశాను. నాలుగో సీజన్‌కి నా టీమ్‌లో ముగ్గురు కొబ్బరిచెట్లు ఉన్నారు, బంతిని అవతలి వైపుకి తీసుకెళ్లేవాడు ఒక్కడూ లేడు. ఓనర్ నన్ను ఉద్యోగంలోంచి పీకేశాడు. ఈ గేమ్‌లో అది కూడా జరుగుతుంది.

నిజం ఆటలోనూ ఈ పాఠం ఉంది. 2015లో డల్లాస్ 52వ పిక్‌తో మన సత్నామ్ సింగ్‌ని తీసుకున్నప్పుడు దేశమంతా పండగ చేసుకున్నాం. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. 7 అడుగుల 2 అంగుళాలు. కానీ ఎన్‌బీఏ రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. అక్కడిదాకా వెళ్లడమే చాలా గొప్ప విషయం, అందులో అనుమానం లేదు. కానీ ఆ లెవెల్‌లో హైట్ గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోపలికి మిగతా అంకెలే తీసుకెళ్లాలి.

నిజం కోర్టులో చీటీ చింపినవాళ్లు

1980 ఎన్‌బీఏ ఫైనల్స్. లేకర్స్ సెంటర్ కరీమ్ అబ్దుల్ జబ్బార్ చీలమండకి దెబ్బ తగిలి ఆరో మ్యాచ్‌కి రాలేదు. అతని స్థానంలో మొదలుపెట్టింది ఎవరు? 20 ఏళ్ల కొత్త కుర్రాడు మ్యాజిక్ జాన్సన్. అతను పాయింట్ గార్డ్! 6 అడుగుల 9 అంగుళాలు ఉన్నా, పాసింగ్, డ్రిబ్లింగ్ చూసి అతనికి బంతి ఇచ్చారు. ఆ రోజు 42 పాయింట్లు, 15 రీబౌండ్లు, 7 అసిస్టులు చేశాడు. టైటిల్ లేకర్స్‌ది.

2015 ఫైనల్స్. గోల్డెన్ స్టేట్ 2-1తో వెనకబడి ఉంది. కోచ్ స్టీవ్ కెర్ నాలుగో మ్యాచ్‌కి ఏడడుగుల సెంటర్ ఆండ్రూ బోగట్‌ని పక్కనపెట్టి ఆండ్రే ఇగుడాలాని మొదటి ఐదుగురిలోకి తెచ్చాడు. సెంటర్ పని 6 అడుగుల 6 అంగుళాల డ్రేమండ్ గ్రీన్ మీద పడింది. వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచి టైటిల్ కొట్టారు. గ్రీన్ చేతులు చాస్తే ఏడడుగులు దాటుతాయి. ఇందాక హైట్ రేటింగ్‌లో చేతుల పొడవు కలుస్తుందని ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమైందా?

ఇక నికోలా యోకిచ్. 2014లో 41వ పిక్. పేరు పక్కన సెంటర్ అనే ఉంటుంది. కానీ గార్డులా పాసులిస్తాడు. 2021, 2022, 2024లో మూడు ఎంవీపీలు గెలిచాడు. చీటీ తప్పని కాదు. చీటీలో అతని గొప్పతనం కనపడదు.

ఇక నా సంగతి

బీటెక్ మొదటి సంవత్సరంలో కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్ సెలెక్షన్‌కి వెళ్లాను. నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. పీడీ సార్ మమ్మల్ని గోడకి నిలబెట్టి, పొడుగు బట్టి వరస పెట్టారు. పొట్టివాళ్లు ఇటు, పొడుగువాళ్లు అటు. "నువ్వు పాయింట్ గార్డ్" అన్నారు. నాకు డ్రిబ్లింగ్ రాదు. స్కూల్ రోజుల నుంచి దూరం నుంచి షాట్ వెయ్యడం ఒక్కటే వచ్చు. ఆ రోజు ఎవరూ నా చేత ఒక్క షాట్ కూడా వేయించలేదు. వారం తిరక్కుండా "నీకు బంతి ఆగట్లేదురా" అని తీసేశారు. నిజమే, ఆగట్లేదు.

నన్ను తీసేసినందుకు ఇప్పుడు బాధేం లేదు. మా రూమ్మేట్ గురించే బాధ. వాడు 6 అడుగుల 2 అంగుళాలు. మా బ్యాచ్‌లో అందరికంటే బాగా డ్రిబుల్ చేసేవాడు. వాణ్ణి రింగు కింద నిలబెట్టి "నువ్వు సెంటర్, బంతి వస్తే గార్డ్‌కి ఇచ్చెయ్" అన్నారు. రెండో సంవత్సరానికి వాడు షూస్ జూనియర్‌కి ఇచ్చేశాడు. ఆటంటే పిచ్చి ఉన్నవాడు.

సార్ చెడ్డవారని అనను. అరవై మంది వచ్చారు, టైమ్ ఒక గంట. హైట్ కంటికి కనిపిస్తుంది, మిగతా 14 కనిపించవు, పరీక్ష పెట్టాలి. అందుకే కనిపించేదాన్ని ఇన్‌పుట్‌గా ఇచ్చేశారు. చాలా ఏళ్ల తర్వాత రాత్రి ఒంటిగంటకి ఈ గేమ్ కోడ్‌లో ఆ చిన్న ఫంక్షన్ చదువుతుంటే నాకు గుర్తొచ్చింది ఆ గోడే. గేమ్ రాసినతను 15 అంకెలు చూశాకే పేరు పెట్టాడు. మా గ్రౌండ్‌లో ఒక్క అంకె చూసి పేరు పెట్టారు, ఆ పేరు చూసి పని ఇచ్చారు.

మీ లీగ్‌లో వాడుకోవడానికి

ఒకటి. ఓవరాల్ చూశాక హైట్‌కి మళ్ళీ మార్కులు వెయ్యకండి. అది లోపలే ఉంది.

రెండు. ఓవరాల్ సమానంగా ఉన్న ఇద్దరి మధ్య తేల్చుకోవాలంటే, మీ ఐదుగురిలో ఏ పని చేసేవాడు తక్కువయ్యాడో చూసి వాణ్ణే తీసుకోండి. లోపల కాసేవాడు లేకపోతే అప్పుడు పొడుగోడే కరెక్ట్.

మూడు. స్పీడ్, జంప్ మీద బతికే 30 ఏళ్లవాడికి పెద్ద కాంట్రాక్ట్ ఇచ్చేముందు ఆగండి. హైట్, షూటింగ్, బుర్ర మీద ఆడేవాడు కాస్త ఎక్కువ కాలం నిలుస్తాడు.

నాలుగు. పొజిషన్ అక్షరాన్ని చివర్లో చూడండి. అస్సలు చూడకపోయినా పెద్ద నష్టం లేదు.

ఇంకోటి, ఇది గేమ్ ఆడనివాళ్లకి కూడా. మీ కాలేజీలోనో, కాలనీలోనో రేపు మీరే కెప్టెన్ అయి టీమ్ సెలెక్ట్ చెయ్యాల్సి రావొచ్చు. గోడకి నిలబెట్టి వరస పెట్టేముందు ప్రతి ఒక్కడి చేతికీ బంతి ఇవ్వండి. పది షాట్లు వెయ్యనివ్వండి, కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకి డ్రిబుల్ చెయ్యనివ్వండి. మనిషికి ఐదు నిమిషాలు పడుతుంది. మా రూమ్మేట్‌కి ఆ ఐదు నిమిషాలు దొరకలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో పొటెన్షియల్ అనే అంకెని ఎంతవరకు నమ్మాలో చూద్దాం. అప్పటిదాకా ఆ గాడ్ మోడ్ ప్రయోగం చేసి చూడండి. ఉంటాను మరి, బై.